పులి బొమ్మలో మనుషులేరి?

1891లో పారిస్ ప్రదర్శనలో ఒక పులి బొమ్మ పెట్టారు. కుండపోత వాన, మెరుపు, గాలికి వంగిపోతున్న చెట్లు, గడ్డి నడుమ పళ్లు బయటపెట్టిన పులి. గీసినవాడు హెన్రీ రూసో. నగరంలోకి వచ్చే సరుకుల మీద సుంకం వసూలు చేసే చిరుద్యోగి. ఏ కళాశాలలోనూ చిత్రకళ చదవలేదు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

రూసో ఫ్రాన్స్ దాటి వెళ్లలేదు. వర్షారణ్యాన్ని చూడనే లేదు. పారిస్ వృక్షోద్యానంలోని అద్దాల ఇళ్లలో వేడిదేశాల మొక్కలను, బొమ్మల పుస్తకాలలో మృగాలను చూసి అడవిని ఊహించుకున్నాడు. చూడని అడవిని అంత ప్రేమగా గీసినవాణ్ణి మనం చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే ఆ అడవిలో మనుషులు లేరన్నది మనం గమనించాలి.

ఆ కాలంలో అడవి మనుషులను ఎలా చూశారో చరిత్ర చెబుతుంది. 1877 నుంచి అదే పారిస్‌లోని మరో తోటలో దూరదేశాల మనుషులను తెచ్చి, జంతువుల్లా జనానికి చూపించారు. మన దేశంలో 1878 అటవీ చట్టం తరతరాల మన హక్కులను సర్కారు దయగా మార్చింది. బొమ్మలో లేనివాళ్లం చట్టంలోనూ లేకుండా పోయాం.

98 ఏళ్ల తర్వాత, 1989లో, అదే పారిస్‌లోని పాంపిడూ కేంద్రం ప్రదర్శనలో ఒక ఆదివాసీ బొమ్మలు నిలిచాయి. ఆయన జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన ప్రధాన్ గోండు. మన ఆదిలాబాద్ ప్రధాన్లు కికిరి వాయిస్తూ గోండుల కథలు పాడినట్టే, అక్కడి ప్రధాన్లు బానా వాయిస్తూ పాడతారు. ఇంటి గోడల మీద గీసే ఆ యువకుణ్ణి చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకొచ్చారు. జన్‌గఢ్ చుక్కలతో, సన్నని గీతలతో పులిని గీశాడు, జింకను గీశాడు, చెట్టును గీశాడు, తన వాళ్లు మొక్కే దేవతలనూ గీశాడు. ఆయన అడవిలో ఇవి వేరువేరు కావు. 2001లో జపాన్‌లో పనిచేస్తుండగా ఆయన చనిపోయాడు. ఆ దారిలో ఇవాళ ఎందరో గోండు చిత్రకారులు నడుస్తున్నారు.

మన బడుల్లో పిల్లలు పులిని పాఠ్యపుస్తకంలో చూసి గీస్తారు. తెల్ల కాగితం మీద పులి ఒంటరిగా నిలబడుతుంది. ఉపాధ్యాయులుగా మనం పుస్తకం తెరిచే ముందు పిల్లలను ఇంటికి పంపుదాం. పులి ఏ వాగులో నీళ్లు తాగేది? ఏ గుట్టలో పడుకునేది? దాన్ని చూసి పెద్దలు ఎందుకు మొక్కేవారు? అవ్వనూ తాతనూ అడిగి రమ్మందాం. ఆ వాగు, ఆ గుట్ట, ఆ అవ్వ కూడా బొమ్మలోకి రావాలి.