భుజాన రెండో కెమెరా

గాజు పలకల కాలంలో రెండో కెమెరా కోసం ఎవరూ పెద్దగా వెతుక్కోలేదు. నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ తీసిన ప్రతి ఫొటోకూ ఒక పలక. ఒకటి తీశాక ఇంకొకటి పెట్టుకోవడమే. 1925లో లైకా వచ్చి 36 ఫొటోలను ఒకే రీలుకు ముడిపెట్టింది. కెమెరా చేతిలో ఇమిడింది గానీ, ఎక్కించిన రీలు అయ్యేదాకా అదే ఫిల్మ్, అదే స్పీడు. 1936లో 35 ఎంఎం కలర్ ఫిల్మ్ కోడాక్రోమ్ వచ్చాక ఇబ్బంది ఇంకా పెరిగింది. కలరూ, బ్లాక్ అండ్ వైటూ రెండూ కావాలంటే రెండు కెమెరా బాడీలు ఉండాల్సిందే.

1944 జూన్ 6న నార్మండీ తీరాన దిగిన యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా వెంట రెండు కాంటాక్స్ కెమెరాలు ఉన్నాయి. తూటాల మధ్య రీలు మార్చే తీరిక ఎక్కడిది? 1954 మేలో ఇండోచైనాలో మందుపాతర పేలి చనిపోయిన రోజునా ఆయన చేతిలో రెండు ఉన్నాయి: కాంటాక్స్‌లో బ్లాక్ అండ్ వైట్, నికాన్‌లో కలర్. ఆయన చివరిసారి చూసిన సైనికులు మనకు రెండు రకాలుగానూ మిగిలారు. కెమెరాకే దెబ్బ తగలొచ్చు కూడా: కంబోడియాలో మరో యుద్ధ ఫొటోగ్రాఫర్ డాన్ మెకలిన్ నికాన్‌కు తూటా తగిలింది. ఆయన బతికారు, ఆ కెమెరా దెబ్బతింది.

1948లో హాసెల్‌బ్లాడ్ ఫిల్ముండే వెనక భాగాన్నే ఊడదీసి మార్చే వీలు కల్పించింది. దాంతో ఫిల్మ్ చిక్కు తీరింది, షట్టర్ మొరాయిస్తే మాత్రం దిక్కులేదు. అందుకే 1969లో చంద్రుడి నేల మీదికి ఒక హాసెల్‌బ్లాడ్ దిగితే, దిగిన వాహనం ఈగిల్ లోపల ఇంకొకటి ఉంది.

అంతదూరం ఎందుకు, మన పెళ్లిళ్లే చూడండి. గట్టిమేళం మొదలైంది, వరుడు మంగళసూత్రంతో లేచాడు, సరిగ్గా అప్పుడే 36వ ఫ్రేము అయిపోయింది. అడుగున మీట నొక్కాలి, పైన పిడి తిప్పుతూ రీలు వెనక్కి చుట్టాలి, తలుపు తీయాలి, కొత్త రీలు కొసను లోపల తగిలించాలి, ఖాళీ ఫ్రేములు రెండు మూడు తోసేయాలి. ఎంత చేయి తిరిగినవాడికైనా ఈలోపు మూడు ముళ్లూ పడిపోతాయి. పురోహితుణ్ణి ఆగమనలేం కదా! నిండు రీలుతో రెండో బాడీ మెడలో ఉంటే ఆ ఫొటో దక్కుతుంది. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది: ల్యాబులో ఒక రీలు పాడైనా పెళ్లంతా పోదు, రెండో రీల్లో సగమైనా ఉంటుంది.

ఈ అవసరం ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000 తయారీ 1997లో ఆగిపోయింది. ఇవాళ ఫిల్మ్ మీద మక్కువతో కొంటున్నవన్నీ దాదాపు పాతవే, విడిభాగాలు దొరకవు. కొత్త లెన్స్ కొనేముందు అదే మౌంట్‌తో, బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడే ఇంకో బాడీ కొనుక్కోమంటాను. 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 అలాంటిదే, బరువు 540 గ్రాములు. ఫిల్మ్ డబ్బా అట్ట ముక్క చించి వెనక అంటిస్తే, దేంట్లో ఏ ఫిల్మ్ ఉందో తడుముకోనక్కర్లేదు.