ఆసిలోస్కోపు : ఎంపికకు చరిత్ర చెప్పు పాఠము

మన ఇండ్లకు వచ్చు ఏకాంతర విద్యుత్ప్రవాహము సెకండునకు 50 ఆవృత్తములు పూర్తిచేయునని పాఠ్యపుస్తకములలో చదువుదుము. ఆ అలను కంటితో చూచుట యెట్లు? సాధారణ మీటరు ముల్లు అంత వేగముగా కదలలేదు. 1893లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లాండెల్ ఒక ఉపాయము చెప్పెను. ప్రవాహముచే ఒక చిన్న అద్దము ఊగును. దానిపైనుండి ప్రతిఫలించిన కాంతి అలను చూపును. ఆంగ్లేయుడైన డడెల్ ఈ సాధనమును మెరుగుపరచెను. కాని అద్దమెంత చిన్నదైనను దానికి బరువు కలదు. అల వేగము హెచ్చినకొలది అద్దము వెనుకబడును. అప్పుడు కనబడునది కొంత ప్రవాహపు చలనము, కొంత అద్దపు మందకొడితనము. ఈ రెంటిని వేరుచేయుటకు జరిగిన ప్రయత్నమే ఆసిలోస్కోపు చరిత్ర.

1897లో, అప్పుడు జర్మనీలోనుండిన స్ట్రాస్‌బర్గ్ నగరమున, ఫెర్డినాండ్ బ్రౌన్ అద్దమునకు బదులు కాథోడు కిరణములను వాడెను. గాజునాళములో సన్నని కిరణపుంజము తెరపై పడి వెలుగుచుక్కగా కనబడును. ప్రక్కనున్న తీగచుట్టలో ప్రవాహము పోవునప్పుడు దాని అయస్కాంతక్షేత్రము పుంజమును వంచును. ఎలక్ట్రానుల ద్రవ్యరాశి అత్యల్పము గనుక బరువు అను చిక్కు తీరెను. అయితే చుక్క పైకి క్రిందికి మాత్రమే కదలెడిది. దానిని అలగా చూచుటకు తిరుగుచున్న అద్దము కావలసివచ్చెను. 1899లో బ్రౌన్ సహాయకుడు జెన్నెక్ చుక్కను అడ్డముగా గూడ సమవేగముతో నడిపెను. తెరపై కాలమునకొక అక్షము ఏర్పడెను.

ఆ తొలి నాళములకు వేలకొలది వోల్టులు అవసరము. 1922లో అమెరికాలో జె. బి. జాన్సన్, వేడిచేసిన కాథోడుతో, కొన్ని వందల వోల్టులకే పనిచేయు నాళమును వర్ణించెను. సామాన్య ప్రయోగశాలలకు దారి ఏర్పడెను. ఇంకను ఒక లోపము మిగిలెను. చుక్క తన ఇష్టము వచ్చినట్లు పరుగెత్తుచుండుటచే బొమ్మ తెరపై నిలువక జారిపోవుచుండెడిది.

యుద్ధకాలమున రాడారుపై పనిచేసిన హోవర్డ్ వోలమ్, జాక్ మర్డాక్‌తో కలసి 1946లో టెక్‌ట్రానిక్స్ సంస్థను స్థాపించెను. ఆ సంస్థ 1947లో 511 అను నమూనాను 795 డాలర్లకు అమ్మజూపెను. ఇందులో సంకేతము వచ్చినప్పుడే చుక్క బయలుదేరును. దీనినే ట్రిగ్గరు అందుము. చుక్క ఎంత దూరము పోయిన ఎంత కాలమో ముందే నిర్ణయింపబడి యుండును. చూచుటకైన సాధనము కొలుచు సాధనమయ్యెను.

బరువు లేని పుంజము వచ్చినను మందకొడితనము పూర్తిగా పోలేదు. అది పుంజమును నడుపు వలయములలో దాగినది. దాని కొలతయే బ్యాండువిడ్తు. అనగా తెరపై సైను అల ఎత్తు నిజమైనదానిలో నూటికి 71 వంతులకు తగ్గు పౌనఃపున్యము. 511 నమూనాకు ఇది 10 మెగాహెర్ట్జులు. 0.35ను బ్యాండువిడ్తుచే భాగించినచో సాధనము పైకి లేచుటకు పట్టు స్వంతకాలము వచ్చును. 10 మెగాహెర్ట్జులకు ఇది 35 నానోసెకండ్లు. నానోసెకండు సెకండులో నూరుకోట్లవ వంతు. 10 నానోసెకండ్లలో లేచు స్పందనమును దీనిపై చూచినచో సుమారు 36 కనబడును. విద్యార్థి 36 అని వ్రాసికొనును. అతడు కొలిచినది వలయమును కాదు, ఆసిలోస్కోపును! ఇట్టి సంఖ్యలను ప్రయోగపుస్తకములలో నేను దిద్దియున్నాను. 100 మెగాహెర్ట్జుల సాధనముపై అదే స్పందనము సుమారు 10.6గా కనబడును.

నేటి అంకీయ ఆసిలోస్కోపులు అలను ఎడతెగక చూడవు. నమూనాలు తీసికొని బొమ్మ కట్టును. సెకండునకు పదిలక్షల నమూనాలు తీయు సాధనమునకు 999 కిలోహెర్ట్జుల అల ఒక కిలోహెర్ట్జు అలవలె కనబడును. బొమ్మ చక్కగా నిలిచియుండును, కాని అబద్ధము. అలలోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపుకన్న ఎక్కువ వేగముతో నమూనాలు తీయవలెను.

కావున కళాశాలకు ఆసిలోస్కోపు కొనువారు తెర సొగసునకు, మీటల సంఖ్యకు మురిసిపోరాదు. తమ ప్రయోగములలో అతివేగముగా మారు సంకేతమేదియో ముందు నిర్ణయించుకొనవలెను. బ్యాండువిడ్తు, నమూనాల వేగము, ట్రిగ్గరు నిలకడ దానికి చాలునా యని పిదప చూడవలెను. బ్లాండెల్ అద్దమునైనను, నేటి పెట్టెనైనను అడుగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: నీవు చూపునదానిలో నీ స్వంతమెంత?