సీసం అడ్డు వెనక ఉన్న కథ

పైపుకి వెల్డింగ్ చేశాక లోపల పగులు ఉందా, గాలి బుడగ ఉందా? పైకి కనిపించదు, కోసి చూడలేం. అందుకే ఎముకకి తీసినట్టే ఇనుముకీ ఫోటో తీస్తారు. అదే ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ. ఆలూరు, చేవెళ్ల నుంచి పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీ పనులు వెతుక్కునేవాళ్లు ఈ కథ తెలుసుకోవాలి.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలు కనిపెట్టాడు. లోహం లోపలి తేడాలు వీటితో తెలుస్తాయని, ఒకటిన్నర మిల్లీమీటర్ల సీసం వీటిని దాదాపు ఆపేస్తుందని మొదటి వ్యాసంలోనే రాశాడు. అంటే పనిముట్టూ, దానికి అడ్డూ ఒకేసారి దొరికాయి. కానీ ఆ అడ్డు ప్రాణం కోసమని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

అమెరికాలో ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అని ఒకాయన పనిచేసేవాడు. ట్యూబు వెలుగుతోందా లేదా అని తన చెయ్యే పెట్టి చూసేవాడు. పుండ్లు పడ్డాయి, క్యాన్సర్ వచ్చింది, రెండు చేతులూ తీసేశారు. 1904లో, 39 ఏళ్లకే చనిపోయాడు. ఎడిసన్ ఆ పనే వదిలేశాడు.

ఇప్పుడు వెల్డింగ్ పరీక్షకి ఇరిడియం-192 బాగా వాడతారు. దాని గామా కిరణాలు ఇంకా గట్టివి. సుమారు 5 మిల్లీమీటర్ల సీసం పెడితే సగమే ఆగుతాయి. ఇంకో 5 పెడితే మిగిలినదాంట్లో సగం. అలా 5 సెంటీమీటర్లకి వచ్చేసరికి దాదాపు వెయ్యో వంతు మిగులుతుంది. సీసం కన్నా బరువైన డిప్లీటెడ్ యురేనియంని కూడా కెమెరా పెట్టెలో కవచంగా వాడతారు. చూశారా, యురేనియమే కాపలా!

మన దేశంలో ఈ భద్రత చూడ్డానికి 1983లో అణుశక్తి నియంత్రణ మండలి వచ్చింది. అయినా 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైంది? పరిశోధనకి వాడిన పాత కోబాల్ట్-60 యంత్రం తుక్కు దుకాణానికి చేరింది. సీసం కవచం విప్పేశారు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు.

కాబట్టి కవచం ఉంటే చాలదు, మూలకం దాని లోపలే ఉండాలి. ప్రతి ఫోటో తర్వాత అది పెట్టెలోకి తిరిగొచ్చిందో లేదో సర్వే మీటర్‌తో చూడాల్సిందే. మూడు రెక్కల గుర్తున్న బరువైన పెట్టె ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకండి, దూరం జరిగి పోలీసులకి చెప్పండి.