ఫైలు తెఱచుట, అక్షరము చదువుట

మన యిండ్లలోని పిల్లలు నేడు కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్నారు. వారు తొలినాళ్లలో అభ్యసించు పనులలో ఒకటి ఫైలును తెఱచి, చదివి, మూయుట. ఈ చిన్నపనికి అరువదేండ్లకు మించిన చరిత్ర కలదు.

పూర్వము కంప్యూటరునకు విషయమును చిల్లుల కార్డులపై అందించెడివారు. ఐబీఎం సంస్థ 1928లో ప్రవేశపెట్టిన కార్డున 80 నిలువు వరుసలు, వరుసకొక అక్షరము. టేపులు, డిస్కులు వచ్చిన పిమ్మటను పెక్కు యంత్రములలో ఫైలనగా అట్టి తునకల కట్టయే. 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ ఈ చిక్కును తొలగించినది. అందు ఫైలనగా బైట్ల వరుస మాత్రమే. 'ఓపెన్' అనిన తెఱచును. 'రీడ్' అనిన బైట్లను అందించును. 'క్లోజ్' అనిన మూయును. నేటి పైథాన్ భాషలోని 'ఓపెన్' ఆ వంశమునకు చెందినదే.

అయితే బైటు వట్టి అంకె. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తో ముందుగా ఒడంబడిక యుండవలెను. 1963లో వెలువడిన ఆస్కీ ఒడంబడికలో 128 స్థానములే యుండుటచే తెలుగునకు చోటు లేకపోయెను. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పున మన లిపికి స్థానము లభించినది. మఱుసటి యేట థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించిరి. 'తెలుగు' అను పదము మనకు మూడక్షరములు. ఆ పద్ధతిలో యంత్రమునకు 6 సంకేతములు, 18 బైట్లు.

ఒకమారు మేము పాత ప్రసంగప్రతి నొకదానిని తెఱవగా తెలుగునకు మాఱుగా వింతగుర్తులు కానవచ్చినవి. ప్రసంగించిన పెద్దలు అప్పటికే గతించిరి. ప్రతి నశించినదని మిక్కిలి చింతించితిమి. యూనికోడు వ్యాపింపకముందు ఒక్కొక్క ఫాంటు తనకు తోచిన అంకెలను వాడుకొనెడిది. ఆ ఫాంటు పేరు తెలియగనే అంకెలను మార్చి, ప్రసంగమంతయు చదువుకొంటిమి. ఫైలు చెక్కుచెదరలేదు, మేమే తప్పు ఒడంబడికతో చదివితిమి. ఆ గుర్తులను చూచి తొందరపడి తిరిగి భద్రపఱచియుండినచో నిజముగనే నష్టపోయెడివారము.

2008లో వచ్చిన పైథాన్ 3 అక్షరములను, బైట్లను స్పష్టముగా వేఱుచేసినది. ఫైలు తెఱచునపుడే ఎన్‌కోడింగు ఏదో చెప్పుటకు అందు వీలున్నది. చెప్పనియెడల యంత్రము తన అలవాటు చొప్పున చదువవచ్చును. కావున తెలుగు ఫైలు తెఱచు పిల్లలకు, దాని పేరుతోపాటు ఎన్‌కోడింగును కూడ వ్రాయుమని చెప్పుడు. తాతల మాటలు దాచిన ఫైళ్లు వారి చేతికే రానున్నవి.