ఉసిరి సిరప్: ఇంట్లో తయారీ, చలికాలంలో వాడకం

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పెద్ద ఉసిరి కోతకు వస్తుంది. గట్టు మీద ఒకటి రెండు చెట్లే ఉన్న రైతు ఆ కొద్ది కాయను మార్కెట్‌కు తీసుకెళ్తే ఆటో కిరాయికే సరిపోతుంది. పచ్చడికి పోగా మిగిలిన కాయతో సిరప్ చేసుకోవడం మేలు.

పసుపు తిరిగిన, దెబ్బ తగలని కాయలు ఎంచుకోండి. కడిగి, గింజ తీసి, ముక్కలను మిక్సీలో వేసి పలుచని బట్టలో పిండాలి. రెండు కిలోల కాయకు ఇంచుమించు లీటరు రసం వస్తుంది. ఇనుప, రాగి పాత్రలు వాడవద్దు. ఇనుము తగిలితే రసం నల్లబడుతుంది, విటమిన్ సి కూడా త్వరగా పోతుంది. స్టీలు గిన్నె చాలు.

లీటరు రసానికి 1.6 కిలోల పంచదార కావాలి. ఎక్కువనిపించి చాలామంది కిలోతో సరిపెడతారు, అక్కడే చెడుతుంది. పంచదార ఇక్కడ తీపికే కాదు, నిల్వకు కూడా. ఈ కొలతతో సిరప్‌లో తీపి సుమారు 65 శాతానికి చేరుతుంది. కిలోతో 55 శాతం దాటదు, పులుస్తుంది. బెల్లంతో చేస్తే తక్కువగా చేసుకుని త్వరగా వాడేయండి.

రసంలో పంచదార, 50 మిల్లీలీటర్ల అల్లం రసం వేసి సన్నని మంట మీద కలపాలి. పంచదార కరిగి ఒక్క పొంగు రాగానే దించి, వడకట్టి, 20 నిమిషాలు నీటిలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో వేడిగా పోయాలి. రెండు లీటర్ల దాకా వస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచండి. బుడగలు వచ్చినా, కల్లు వాసన వేసినా పారబోయండి.

పెద్దలు రెండు చెంచాలు గోరువెచ్చని నీటిలో కలిపి తాగవచ్చు. గొంతుకు హాయిగా ఉంటుంది. విటమిన్ సి రోజూ తీసుకుంటే జలుబు కాస్త త్వరగా తగ్గవచ్చు. అంతేగాని జలుబు రాకుండా ఆపదు, వచ్చాక మొదలుపెడితే పెద్దగా పనిచేయదు. షుగర్ ఉన్నవారు సిరప్ బదులు పచ్చి కాయే తినాలి. ఏడాది లోపు పిల్లలకు సిరప్ వద్దు, తేనె అసలే వద్దు.

అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సీసా మీద ‘జలుబు నయం చేస్తుంది’ అని రాయకూడదు.

పిల్లలకు దగ్గు, జలుబుతో పాటు ఆయాసం ఉంటే సిరప్‌తో కాలయాపన చేయవద్దు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డకు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా కావచ్చు. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా అంతే. రెండు నెలల లోపు పసికందుకు ఊపిరి వేగంగా అనిపిస్తే లెక్క కోసం కూడా ఆగవద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.