మునిగిన పెట్టె, మిగిలిన కాగితాలు

1850 నవంబరులో టెక్సస్ తీరాన, మాటగోర్డాకు కొన్ని మైళ్ల దూరంలో, ఆన్సన్ అనే ఆవిరి ఓడ మునిగింది. భూమి హక్కులను పరిశీలించడానికి వెళ్లిన జేమ్స్ మిల్లర్ అనే ప్రభుత్వ కమిషనర్ ట్రంకుపెట్టె అందులో ఉంది. ఫీజు కింద వసూలైన 800 డాలర్లు పోతే పోయాయి. వాటితో పాటు రియో గ్రాండే నది ఒడ్డున తరతరాలుగా పశువులు మేపుకుంటున్న కుటుంబాలు నమ్మి చేతికిచ్చిన అసలు భూమి పట్టాలు కూడా నీటిపాలయ్యాయి.

ఆ పట్టాలకు మూలం 1767లో స్పెయిన్ రాజు తరఫు అధికారులు చేసిన పంపకం. లారెడో, మియర్, కమార్గో, రెనోసా ఊళ్లలో కుటుంబానికింతని భూమిని కొలిచి ఇచ్చారు. ఎండ మండిపోయే నేల కాబట్టి ఎవరి పశువులు వాళ్ల రేవులో నీళ్లు తాగేలా, ప్రతి కమతం ఒక కొస నదికి తగిలేట్టు పొడవుగా, సన్నగా కోశారు. 1821లో ఆ నేల మెక్సికోది అయింది. 1848లో గ్వాడలూపే హిడాల్గో ఒప్పందంతో నదికి ఉత్తరపు ఒడ్డు అమెరికా చేతికొచ్చింది. మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటిందని ఆ కుటుంబాల వాళ్లు ఇప్పటికీ అంటారు. కొత్త ప్రభుత్వం మాత్రం, ఈ భూమి మీదేనని రుజువేదీ అని అడిగింది. రుజువు సముద్రంలో ఉంది. అప్పుడు ఎక్కడెక్కడో మిగిలిన నకళ్లూ, సాక్షుల వాంగ్మూలాలూ వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. 1852లో టెక్సస్ శాసనసభ చాలా పట్టాలను ఖరారు చేసింది.

పాత కాగితాన్ని కాపాడడం చరిత్రకారుల ముచ్చట మాత్రమే కాదని ఆ నది లోయలో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు.

మన పాఠ్యపుస్తకాల్లో అమెరికా చరిత్ర తూర్పు తీరంలోని పదమూడు ఇంగ్లిషు వలసలతో మొదలవుతుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా, తాము ఉంటున్న రాష్ట్రంలో మొదటి రాతకోతలు స్పానిష్‌లో జరిగాయన్న సంగతి వీధుల పేర్లను బట్టి లీలగా తెలుసు, అంతే. కానీ శాంటా ఫే పట్టణం 1610 నాటికే స్పానిష్ రాజధాని. టెక్సస్‌లో ఇల్లు కొన్నవాళ్లు తమ దస్తావేజును కాస్త శ్రద్ధగా చదివితే, భూమి వివరాల దగ్గర ఆ నేలను మొట్టమొదట ప్రభుత్వం నుంచి పొందిన మనిషి పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. శాన్ ఆంటోనియో చుట్టుపక్కలా, దక్షిణాన నది వెంబడీ అయితే అది తరచు స్పానిష్ పేరే.

స్పెయిన్ ప్రభుత్వానికి ప్రతిదీ రాసి పెట్టుకునే అలవాటు. సెవిల్ నగరంలో మూడో కార్లోస్ రాజు 1785లో నెలకొల్పిన ఇండీస్ ఆర్కైవ్‌లో దాదాపు 43,000 కట్టలు, సుమారు 8 కోట్ల పేజీలు ఉన్నాయి. అంత దూరంలో ఉన్న రాజుకు ఇక్కడి సంగతి తెలిసేది కాగితం మీదుగానే. అందుకే మామూలు మనుషులు సైతం ఆ కాగితాల్లోకి ఎక్కారు.

కెనరీ దీవుల నుంచి వచ్చినవాళ్ల సంగతే చూడండి. పక్కన లూసియానాలో ఫ్రెంచివాళ్లు పాతుకుపోతుంటే, టెక్సస్‌లో సైనికులూ మిషనరీలే కాక సంసారులు కూడా ఉండాలని స్పెయిన్ తలపెట్టింది. 1730లో వెరాక్రూజ్ రేవులో దిగిన ఆ కుటుంబాలు 1731 మార్చి 9న శాన్ ఆంటోనియో చేరాయి. దారిలో మెక్సికో నగరానికి దగ్గర్లోని క్వావుతిత్లాన్‌లో అధికారులు వాళ్ల జాబితా తయారుచేశారు. పేరు, వయసు, పుట్టిన దీవి, తల్లిదండ్రుల పేర్లు రాసి ఊరుకోలేదు. ఒంటి రంగు, ముఖం తీరు, కళ్లు, ముక్కు, కనుబొమలు, జుట్టు అన్నీ ఒక్కొక్కరివీ రాశారు. ఫొటోలు లేని కాలంలో మనిషిని గుర్తుపట్టడానికి అదే సాధనం. ఆ గుంపుకు పెద్ద హువాన్ లియాల్ గోరాస్ తర్వాత ఆ ఊరికి మొదటి అల్కాల్దే, అంటే న్యాయాధికారం కూడా ఉన్న గ్రామాధికారి, అయ్యాడు. మరియా రొబైనా బెతంకూర్ భర్త వెరాక్రూజ్‌లోనే చనిపోయాడు. ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని ఆమె మిగతా దారంతా నడిపించింది. చదువూ హోదా పెద్దగా లేని తమ పూర్వీకుల కనుముక్కుతీరును దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత చదువుకోగలిగిన మనుమలు, మనుమరాళ్లు శాన్ ఆంటోనియోలో ఈనాడూ ఉన్నారు. ఎన్ని రాజవంశాలకు ఆ భాగ్యం ఉంది?

ఆ ఊరి కచేరీ కాగితాలే బెహార్ ఆర్కైవ్స్. 1717 నుంచి 1836 దాకా స్పానిష్, మెక్సికన్ పాలనల్లో పోగైనవి, రెండున్నర లక్షల పేజీలు. 1899లో కౌంటీ వాటిని టెక్సస్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. వీలునామాలు, భూమి దానపత్రాలు మాత్రం కౌంటీ కార్యాలయంలోనే అట్టేపెట్టుకుంది. 1960ల చివర్లో విశ్వవిద్యాలయం తన దగ్గరున్న భాగాన్ని మైక్రోఫిల్ములోకి ఎక్కించింది.

ఆ కట్టల్లోంచి బయటపడిన సంగతుల్లో ఒకటి అమెరికా స్వాతంత్ర్య యుద్ధానిది. అప్పటికి స్పెయిన్ చేతికొచ్చిన లూసియానాకు గవర్నర్ అయిన బెర్నార్దో దె గాల్వెజ్ 1779 నుంచి బ్రిటిష్ కోటల మీద దండెత్తినప్పుడు, అతని సైన్యం తిన్న మాంసంలో చాలా భాగం శాన్ ఆంటోనియో నదీ తీరపు మందల నుంచి వెళ్లింది. పశువులు తొమ్మిది, పది వేల దాకా ఉంటాయని చరిత్రకారుల లెక్క. ఎవరి మంద నుంచి ఎన్ని తోలారో రాసిన రశీదులు, ఉత్తరాలు మిగిలాయి. వాటిని పట్టుకుని, స్వాతంత్ర్య యోధుల వారసుల సంఘాల్లో మెక్సికన్ ఇంటిపేర్లవాళ్లు చోటు సంపాదించారు. వలసవాళ్లని తమను వేలెత్తి చూపే దేశంలో ఆ చోటు చిన్నదేం కాదు.

కచేరీ కాగితం ఇచ్చేది మనిషి జీవితంలో ఒక ముక్క. మిగతాది చర్చి దగ్గర ఉంటుంది. 1563లో కాథలిక్ చర్చి వారి ట్రెంట్ మహాసభ, ప్రతి పారిష్‌లోనూ జ్ఞానస్నానం, పెళ్లి రిజిస్టర్లు పెట్టాలని ఆదేశించింది. వీటన్నిటికన్నా గొప్ప నిధి పెళ్లికి ముందు జరిపే విచారణ పత్రాలు. వధూవరులు ఎవరి పిల్లలు, ఎక్కడివాళ్లు, ముందే పెళ్లయిందా అని సాక్షులను పిలిచి అడిగేవారు. ఆ ఇద్దరూ నాలుగో తరం లోపు బంధువులైతే పెళ్లికి ప్రత్యేక అనుమతి కావాలి. మన దగ్గర మేనరికమంటే ఇంటిల్లిపాదికీ సంబరం. అక్కడ అది పేజీలకు పేజీలు రాయాల్సిన అడ్డంకి. ఎడారి మధ్య పది, ఇరవై కుటుంబాల ఊళ్లో బంధువు కాని పిల్ల ఎక్కడ దొరుకుతుంది? అందుకని అర్జీల మీద అర్జీలు. ఫలానా అవ్వా, ఫలానా తాతా అక్కాతమ్ముళ్లు, వాళ్ల పిల్లలు వీళ్లు, వీళ్ల పిల్లలు వాళ్లు అని వంశవృక్షాన్ని రాసి, చాలాసార్లు గీసి మరీ బిషప్‌కు పంపేవారు. సాక్షి తన వయసు చెప్పి, సంతకం రాకపోతే సిలువ గుర్తు పెట్టేవాడు. వీటిలో ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే ఉంటారు. అత్తింటి పేరులో కలిసిపోయి అమ్మమ్మల తరాలు మాయమయ్యే మన పద్ధతితో పోలిస్తే, ఇక్కడ తల్లి వైపు వంశాన్ని ఆరేడు తరాలు వెనక్కి పట్టుకుపోవచ్చు.

న్యూ మెక్సికోలో ఈ పత్రాలను వరసపెట్టి చదివినవాడు అంజెలికో చావెజ్ అనే ఫ్రాన్సిస్కన్ గురువు. ఆ రాష్ట్రంలోనే 1910లో పుట్టిన ఆయన, చర్చి ఆర్కైవ్స్‌ను తీరుగా అమర్చి, 1954లో న్యూ మెక్సికో కుటుంబాల మూలాల మీద పుస్తకం తెచ్చాడు. వంశం వెతుక్కునేవాళ్లు ఇవాళ్టికీ మొదట తెరిచేది దాన్నే.

ఆయన చదివింది మిగిలినదాన్ని. 1680లో ప్యూబ్లో ప్రజలు పోపే నాయకత్వంలో తిరగబడి స్పానిష్‌వాళ్లను తరిమేసినప్పుడు అంతకుముందు కాగితాలన్నీ దాదాపుగా తగలబడ్డాయి. తమ దేవుళ్లను మట్టుబెట్టిన పాలన మీద వాళ్ల కోపం అది, అర్థం చేసుకోవచ్చు. 1870లో జరిగినదాన్ని అర్థం చేసుకోవడం కష్టం. గవర్నర్ విలియం పైల్ హయాంలో శాంటా ఫే కచేరీలోని గది ఖాళీ చేయడానికి స్పానిష్ పత్రాలను చిత్తు కాగితాల కింద అమ్మేశారు. కొన్ని దుకాణాల్లో పొట్లాలు కట్టడానికి పోయాయి. ఊరు గగ్గోలెత్తాక కొంత భాగం వెనక్కి వచ్చింది. అక్కడి పాత భూమి హక్కులను తేల్చడానికి 1891లో ప్రత్యేక కోర్టు పెట్టేనాటికి, పత్రం చూపలేనివాడి మాటకు విలువ లేకపోయింది. లారెడో ఊరి అదృష్టం ఇంకోలా ఉంది. 1934లో సెబ్ విల్కాక్స్ అనే కోర్టు రిపోర్టర్ కంటబడి, కోర్టు భవనం నేలమాళిగలో పడి ఉన్న, 1755 నుంచి పోగైన కాగితాలు బతికాయి. అవిప్పుడు శాన్ ఆంటోనియోలోని సెయింట్ మేరీస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

మనుషుల చేతుల్లోంచి బయటపడ్డా, సిరా వదలదు. మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి చేసిన నల్ల సిరా అది. అందులోని ఆమ్లం ఏళ్ల తరబడి కాగితాన్ని తింటుంది. ముదిరిన పుటను వెలుతురుకు పట్టి చూస్తే, అక్షరం ఉండాల్సిన చోట అక్షరం ఆకారంలోనే చిల్లు ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం నడుమ చాలా ఆర్కైవ్స్‌లో ఇలాంటి పుటలను ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించారు. మంచికే చేశారు గానీ ఆ పొరే కాగితానికి చేటయింది. ఇప్పుడు దాన్ని ఓపిగ్గా ఊడదీసి, ఆమ్లం విరిగే నీళ్లలో కడిగి, చిల్లులను పల్చటి జపాన్ కాగితంతో, గోధుమ గంజి జిగురుతో పూడుస్తారు. ఒక్కో పుటకూ ఎంతో సమయం, డబ్బు. ఆస్టిన్‌లోని టెక్సస్ జనరల్ ల్యాండ్ ఆఫీసు తన స్పానిష్ పట్టాలను బాగుచేయించే ఖర్చు కోసం, ఒక్కో దస్తావేజును దత్తత తీసుకోమని ప్రజలను అడుగుతోంది. మంచి పద్ధతి. మన రాష్ట్రాల్లోనూ పెట్టదగినది.

కాగితాన్ని బాగుచేయడం ఒక దారి, నకలు తీసి ఉంచడం మరొకటి. యూటా రాష్ట్రంలోని వంశావళి సంఘం 1938లో రికార్డులను మైక్రోఫిల్ము చేయడం మొదలుపెట్టి, తర్వాత మెక్సికో చర్చిల రిజిస్టర్లనూ పెద్ద ఎత్తున ఫిల్ములోకి ఎక్కించింది. హరిద్వార్ పండాల దగ్గరుండే వహీలను, అంటే యాత్రికుల వంశావళి పుస్తకాలను, చిత్రీకరించిందీ ఆ సంస్థే. ఫ్యామిలీసెర్చ్ పేరుతో నడుస్తున్న ఆ సంస్థ, 24 లక్షల రీళ్లనూ డిజిటల్‌లోకి మార్చడం 2021లో పూర్తిచేసింది. 2024లో మెక్సికో నోటరీ పత్రాల గొలుసుకట్టు రాతను కంప్యూటరే చదివి, మాటను బట్టి వెతికిచ్చే సదుపాయం తెచ్చింది. బాకా అనే ఇంటిపేరును ఒకచోట బ తోనూ మరోచోట వ తోనూ రాసే ఆ గుమస్తాల దస్తూరీ తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద ఊరటో తెలుస్తుంది.

కంప్యూటరుకు దొరకనివాళ్లూ ఉన్నారు. స్పానిష్ రిజిస్టర్లలో పేరు పక్కన కులం లాంటి ముద్ర ఉంటుంది: ఎస్పన్యోల్ (స్పానిష్ సంతతి), మెస్తీసో (స్పానిష్, ఆదివాసీ కలిసిన సంతతి), ములాతో (స్పానిష్, ఆఫ్రికన్ కలిసిన సంతతి), ఇందియో (ఆదివాసీ). న్యూ మెక్సికోలో హెనీసరో అని మరొకటి. అపాచీ, నవాహో, కొమాంచి, పానీ తెగల నుంచి చిన్నతనంలో చెరపట్టి తెచ్చో, కొనుక్కొచ్చో, జ్ఞానస్నానం ఇప్పించి స్పానిష్ ఇళ్లలో పనికి పెట్టుకున్న వాళ్లూ, వాళ్ల సంతతీ ఆ హెనీసరోలు. 1754లో అబిక్యూ అనే ఊరిని సరిహద్దు కాపలాగా వాళ్లకిచ్చారు. 2007లో న్యూ మెక్సికో శాసనసభ తీర్మానం చేసి వాళ్ల వారసులను ఆదివాసీ సమూహంగా గుర్తించింది. కానీ తెగ పేరూ, తల్లిదండ్రుల పేర్లూ రిజిస్టర్లో తరచు ఉండవు. ఇంటి యజమాని పేరే వాళ్లకూ అంటింది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పిల్లల్లో కన్నబిడ్డ ఎవరో, చెరపట్టి తెచ్చిన బిడ్డ ఎవరో తేల్చుకోవాలంటే పుట అంచున గురువు రాసిన ఒక్క మాటే ఆధారం. పేర్లు మాత్రమే ఎత్తిరాసిన ఇండెక్సుల్లో ఆ మాట ఉండదు గనుక, అబిక్యూ వారసులు అసలు పుటనే తెరిచి, జ్ఞానపితరుల (గాడ్‌పేరెంట్ల) పేర్లతో సహా వరసగా చదువుకోవాల్సి వస్తోంది.