మండువా లోగిలి: మన చేతిలోని చరిత్ర

తెలుగువారి చరిత్ర శాసనాలలోను, కోటలలోను మాత్రమే లేదు. మన తాతముత్తాతలు కాపురమున్న ఇళ్ళలో కూడా ఉన్నది. గోదావరి సీమలోని మండువా లోగిళ్ళు అందుకు చక్కని నిదర్శనాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ నీటితో డెల్టాలో వరి పంట స్థిరపడి, కలిగిన రైతుకు గాదెతో పాటు ఇల్లూ పెరిగింది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారం నెలకొల్పిన పిమ్మట, ఆ రకం పెంకులు క్రమంగా దక్షిణాదిన వ్యాపించి తాటాకుకూ, గూనపెంకుకూ బదులుగా ఎన్నో ఇళ్ళ మీదికి ఎక్కాయి. సముద్రం మీదుగా బర్మా టేకు వచ్చింది. కూలికీ, వర్తకానికీ రంగూను వెళ్ళిన మనవారిని అక్కడ కోరంగి రేవు పేరిట "కోరంగీలు" అని పిలిచేవారు. అంటే ఆ టేకు స్తంభాలలో ప్రవాసాంధ్రుల కథ కూడా కొంత ఉన్నదన్నమాట!

ఈ ఇంటికి ప్రాణం మండువా. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి, వాననీరు నడుమ పల్లంలో పడి తూము గుండా బయటికి పోతుంది. వేడిగాలి పైకి పోతుంది; వెలుతురు నట్టింటి దాకా వస్తుంది. దాని మీద స్లాబు వేస్తే మిగిలేది చీకటి గది.

బాగుచేయించదలచినవారు ముందు కప్పు చూడాలి. వాలులు కలిసే మూలలలో కారిన నీరే వాసాలను పుచ్చబెడుతుంది. పుచ్చిన మేరకే కోసి కొత్త టేకు అతకవచ్చు. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడను తినేస్తుంది. సున్నానికి సున్నమే మందు. స్నానాల గదులు, నీళ్ళ గొట్టాలు పెరటి వసారా వైపు పెట్టుకుంటే సుఖానికీ లోటు లేదు, ఇంటి రూపూ చెడదు.

అసలు చిక్కు కలపలో లేదు, పంపకంలో ఉన్నది. వారసులు మూడు దేశాలలో ఉంటారు. ఇంటికి తాళం ఉంటుంది. ఒక్క వర్షాకాలం పెంకు సర్దించకపోతే చాలు, నూరేళ్ళ దూలం నేలకు వస్తుంది. చివరికి తలుపులు, స్తంభాలు విడివిడిగా అమ్ముడుపోతాయి.

కాబట్టి ఈసారి స్వదేశం వెళ్ళినప్పుడు, వాటాల కాగితం మీద సంతకాలకు ముందు, అన్నదమ్ములమూ అక్కచెల్లెళ్ళమూ ఆ మండువాలోనే ఒక పూట కూర్చుందాం. ఏటా పెంకు సర్దించే ఖర్చు ఎవరెంత భరించాలో తేల్చుకుందాం. ఇల్లు నిలిచేదీ, కూలేదీ ఆ లెక్కలోనే ఉన్నది.